పిడికెడు బియ్యం జీతం

పోయిన వారం రత్నకుమారిని మనం వంటింట్లో వదిలేశాం. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఆమె వీపు గుమ్మం వైపు ఉంది. ఆ గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు. తడిసిన ఉన్నికోటు వాసన గదంతా కమ్ముకుంది. తాళాల గుత్తి ఒక్కసారి చిన్నగా మోగి ఆగిపోయింది. ఆ తర్వాత ఒక మగగొంతు, ఎంతో మర్యాదగా, ఎంతో అలసటగా, ఇంగ్లీషులో ఒక మాట అడిగింది. తెలుగులో చెప్పుకుంటే ఇంతే: "అమ్మగారూ, నా జీతం వచ్చిందా?"

పట్టపగలు. ఇంకా మధ్యాహ్న భోజనాలు కూడా కాలేదు. బయట వేల్స్ వాన సన్నగా, ఆగకుండా, ఎవరో పక్కగదిలో గొణుక్కుంటున్నట్టు పడుతోంది.

అడిగినవాడు ఎవరో రత్నకుమారికి తెలుసు. పక్కింటి ముసలావిడ ఓల్వెన్ ఆ కథ వాళ్ళు వచ్చిన వారంలోనే చెప్పింది. ఇప్పుడు రత్నకుమారి మొగుడు రాజ్ కుమార్ కేర్‌టేకర్‌గా చేస్తూ కాపురముంటున్న ఈ లాన్‌వెరిన్ పాత జైలుకి రెండొందల యాభై ఏళ్ళ కిందట ఐజాక్ ప్రోసర్ అనేవాడు కీపరు. ఆ రోజుల్లో కీపరుకి జీతమంటూ ఉండేది కాదట. లోపలికి వచ్చినవాడి దగ్గర ఇంత, పడుకునే గడ్డికి ఇంత, కాలి సంకెల సడలించినందుకు ఇంత అని ఖైదీల దగ్గరే పిండుకుని బతకాలి. తప్పు లేదని కోర్టు వదిలేసినవాళ్ళు కూడా కీపరుకి రుసుము కట్టందే గడప దాటడానికి లేదు. ఈ ప్రోసరుకి అది మనసొప్పలేదు. జిల్లా డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో చెప్పేది మేజిస్ట్రేట్లే గనక వాళ్ళు కూర్చున్న ప్రతి సభకీ వెళ్ళి, నాకు జీతం ఇప్పించండి బాబూ, ఈ పాపపు రుసుములు మానేస్తాను అని అడిగేవాడు. వచ్చే సభలో చూద్దాం అనేవాళ్ళు. అలా వచ్చే సభ, వచ్చే సభ అంటూ ఉండగానే ఒకరోజు సభ బయట బల్ల మీద, ఒళ్ళో టోపీ పెట్టుకుని, పిలుపు కోసం చూస్తూ చూస్తూనే పోయాడట.

ఆ జైలు చూడ్డానికి వచ్చే జనం ఇప్పటికీ కీపరు గదిలో ఉంచిన అతని పాత టోపీలో సరదాకి చిల్లర వేసి వెళతారు. పొద్దున్నకల్లా ఆ చిల్లర నేల మీద చెల్లాచెదురుగా పడి ఉంటుంది. "ఎలకలే" అంటాడు రాజ్ కుమార్. పౌండు నాణేలు దొర్లించే ఎలకలు ఎక్కడుంటాయో ఆయనకే తెలియాలి.

ఇప్పుడా మనిషి గుమ్మంలో ఉన్నాడు.

రత్నకుమారి తిరిగి చూసింది. పొడుగాటి నల్లకోటు, నడుముకి తాళాల గుత్తి, రెండు చేతుల్తో పట్టుకున్న టోపీ. ముఖం మాత్రం ఆవిరి పట్టిన బాత్రూం అద్దంలో మనిషి ముఖంలా చెదిరిపోయి ఉంది. యేసయ్యా అనుకుంది. కానీ కాళ్ళు పారిపోలేదు.

ఎందుకు పారిపోలేదంటే, అలా అడిగే గొంతు ఆమెకి కొత్త కాదు. ఇదివరకు ఉన్న ఊరు హౌన్స్‌లోలో ఉన్నన్నాళ్ళూ, ఇక్కడికొచ్చాక ఈ ఊరి కేర్ హోంలోనూ ఆమె చేసేది మతి తప్పిన ముసలివాళ్ళకి సేవ. అడిగిందే అడిగే ముసలాయనలు ఎంతమందిని చూడలేదు! పెళ్ళాం పోయి ఎన్నో ఏళ్ళయినా "మా ఆవిడ బజారు నుంచి వచ్చిందా?" అని రోజూ అడిగేవాడొకడు. ఎప్పుడో తీసేసిన రైలు కోసం తయారై కూర్చునేవాడొకడు. వాళ్ళతో లేదు, రాదు, చచ్చిపోయింది అనకూడదు. అది అక్కడ మొదటి పాఠం. అంటే మళ్ళీ కొత్తగా ఏడుస్తారు. వాళ్ళ మనసు ఏది అడిగితే దానికి అవుననాలి, చేతికేదైనా ఇచ్చి కుదుటపరచాలి. రత్నకుమారి ఆ పని బాగా చేస్తుందని ఊళ్ళో పేరు కూడా ఉంది.

అదే అలవాటులో, గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "వచ్చిందండీ ప్రోసర్ గారూ. మీ జీతం వచ్చింది" అంది.

గుమ్మంలో మనిషి ఊపిరి తీసుకోవడం మానేసినట్టయింది. ఊపిరి ఉంటే గదా అనకండి. ఆ క్షణానికి గదిలో ఏదో ఆగిపోయింది. కిటికీ మీద వానచుక్కలు కూడా జారడం మానేశాయి.

"ఇస్తారా?" అన్నాడు.

ఇప్పుడు చేతికేదో ఒకటి ఇవ్వాలి. రత్నకుమారి చుట్టూ చూసింది. పొయ్యి పక్కనే, స్టీలు డబ్బా కనిపించింది.

ఆ డబ్బా సంగతి మన సంఘపు ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి సేవకుడి వంతు. పాలకొల్లులో వాళ్ళమ్మ అలాగే వేసేది, రత్నకుమారీ అలాగే వేస్తుంది. కార్డిఫ్‌లో తెలుగు సంఘం పాస్టరు సదాశివం గారికి జీతం లేదు. వారమంతా పార్సిళ్ళ వ్యాను నడుపుతారు, ఆదివారం వాక్యం చెబుతారు. నెలాఖరున ఆడవాళ్ళందరి పిడికెళ్ళూ కలిపి ఆయనకి సంచి కట్టి ఇస్తారు. ఆ బియ్యం దానం కాదు, బిచ్చం కాదు. పని చేసినవాడి కూలి. అందుకే ఇంట్లో బియ్యం నిండుకున్నా ఆ డబ్బా మీద చెయ్యి వెయ్యరు.

ఆ డబ్బా మీదే రత్నకుమారి చెయ్యి వేసింది. పాస్టరు గారికి రేపు రెండు పిడికెళ్ళు వేసేద్దాం లెమ్మనుకుంది. మూత తీసి, పిడికెడు నింపి, "ఇదిగోండి మీ జీతం. పుచ్చుకోండి" అని చాచింది.

అతను టోపీ తిరగేసి పట్టాడు. బియ్యం అందులో పడ్డాయి. పడ్డ చప్పుడు బియ్యం చప్పుడులా లేదు, బరువుగా, నాణేలు పోసినట్టుగా ఉంది.

అప్పుడు అతని ముఖం కుదురుకుంది. ఆవిరి పట్టిన అద్దం మీద ఎవరో గుడ్డతో తుడిచినట్టు ముందు కళ్ళు వచ్చాయి. ఆ తర్వాత నోరు, గడ్డం మీద కోసుకున్న గీత. అరవై ఏళ్ళ మనిషి ముఖం. నడుం నిటారుగా చేసి, కోటు గుండీ పెట్టుకుని, "అయితే నేను పనిలో ఉన్నట్టే" అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ ఈడ్చుకుంటూ నడిచిన ఆ అడుగులు ఇప్పుడు టకటకమని మోగాయి.

అవతల నడవాలో, ఖైదీల గదుల వరసలో, మొదటి తలుపు పడింది.

ఆ తర్వాత రెండోది. ఆ పైది. ధడాల్ ధడాల్‌మని, ఒకదాని వెనక ఒకటి, నడవా చివరి దాకా.

చివర్న రాజ్ కుమార్ అరుపు. "ఒసే రత్నం! తలుపెందుకే వేశావ్?"

రత్నకుమారి పరిగెత్తింది. రేపు స్కూలు పిల్లలు చూడ్డానికొస్తున్నారని, చివరి గదిలో బల్బు పోయిందని రాజ్ కుమార్ అన్నానికి ముందు అటు వెళ్ళాడు. "పప్పు దించుతూ ఉండు, నిమిషంలో వచ్చేస్తాను" అన్నాడు. వెళ్ళేముందు షుగరు ఇంజక్షను పొడుచుకునే వెళ్ళాడు.

ఆ గది తలుపు మూసుకుని ఉంది. ఆమె లాగింది, తోసింది, భుజంతో కుమ్మింది. ఇనప తలుపు గోడలో కలిసిపోయినట్టుంది. చూడ్డానికొచ్చిన పిల్లలెవరైనా ఇరుక్కుపోతారని ఆ తలుపుల తాళాలన్నీ ఎప్పుడో పీకేశారు. తాళం ఉండే చోట చెక్కముక్క బిగించి నల్లరంగు వేశారు. ఆమె ఆ చెక్క కోసం తడిమింది. వేళ్ళకి చల్లగా ఇనుము తగిలింది. లోతుగా తాళంకన్నం ఉంది.

"నేనెందుకేస్తానండీ!"

"మొన్న మీ చెల్లెల్ని ఏదో అన్నానని కోపమేమో అనుకున్నానే."

"ఇప్పుడు కూడా ఆ వెటకారమేనా? లోపల్నించి తొయ్యండి!"

"తోస్తన్నానే. ఆయ్, కదలట్లేదు. ఇంకో విషయం. లోపలంతా ఫ్రిజ్జు తెరిచినట్టుంది."

తలుపు మధ్యలో, పూర్వం అన్నం అందించే చిన్న కిటికీ ఉంటుంది. అదీ బిగుసుకుపోయింది. గోరు పెట్టి లాగితే గోరు విరిగింది.

కార్డిఫ్ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు హెప్సికి ఫోన్ చేసింది.

"మమ్మీ, షిఫ్ట్‌లో ఉన్నాను. క్విక్‌గా చెప్పు."

"డాడీ గదిలో ఇరుక్కుపోయారే. తలుపు రావట్లేదు."

"ఏ గది? బాత్రూమా?"

"కాదే, జైలు గది!"

"మమ్మీ, ఆ డోర్స్‌కి లాక్సే లేవు కదా!"

"లేవని నాకూ తెలుసమ్మా. ఆ మాట తలుపుకి చెప్పు."

"ఓకే, ఓకే. కామ్ డౌన్. ఫైర్ బ్రిగేడ్‌కి..." అంటూనే హెప్సి ఆగిపోయింది. "మమ్మీ. డాడీ లంచ్ తిన్నారా?"

"లేదు."

"ఇన్సులిన్?"

"వేసుకున్నారు."

మళ్ళీ మాట్లాడినప్పుడు అది కూతురి గొంతు కాదు, నర్సు గొంతు. "నైన్ నైన్ నైన్ చెయ్యి. ఇప్పుడే. డాడీతో మాట్లాడుతూనే ఉండు. నిద్రపోనివ్వకు. నేను బయల్దేరుతున్నాను."

ఇంజక్షను పడ్డాక తిండి పడకపోతే మనిషి ఏమైపోతాడో రత్నకుమారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు చెమటలు, ఆ తర్వాత మాట తడబాటు, ఆ తర్వాత మగత. ఆ మగతలోకి జారితే మళ్ళీ లేస్తారో లేదో చెప్పలేం. ఆమె అంబులెన్సుకి ఫోన్ చేసింది. వస్తున్నాం అన్నారు. కొండదారి, వాన, పక్క ఊరి నుంచి రావాలి, కాస్త పడుతుంది అన్నారు. తలుపుకి నోరు ఆనించి, "ఏవండీ, జేబులో చాక్లెట్ ఏమైనా ఉందా?" అని అరిచింది.

"కోటులో ఉందే. కోటు... వంటింట్లో ఉంది."

"మాట్లాడుతూ ఉండండి. ఆపకండి."

"ఏం మాట్లాడనే? చెమట పడుతోంది. ఇంత చలిలో చెమటేంటి, విచిత్రంగా?" కాస్సేపయ్యాక, మెత్తగా, చిన్నపిల్లాడిలా, "రత్నం, భీమవరం బస్సు వెళ్ళిపోయిందా?" అన్నాడు.

ఇదివరకు ఒకసారి ఇలా బస్సుల గురించి మాట్లాడాకే ఆయన కూలిపోయారు.

రత్నకుమారి తలుపు వదిలేసింది. వంటింట్లోకి పోలేదు. తిన్నగా కీపరు గదిలోకి వెళ్ళింది.

ప్రోసర్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎన్నేళ్ళుగానో చల్లబడి ఉన్న పొయ్యిలో నిప్పు ఉంది. వెలుగు ఉంది గానీ వేడి లేదు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు, యజమాని వచ్చినప్పుడు లేచినట్టు.

"ఆ చివరి తలుపు తియ్యండి" అంది ఆమె. "లోపల మా ఆయన ఉన్నారు. ఒంట్లో బాగాలేదు."

"ఉన్నారమ్మా. భద్రంగా ఉంచాను."

"ఆయనేం తప్పు చేశారని?"

"తప్పు సంగతి నాకు తెలీదు. అది మేజిస్ట్రేట్లు చూసుకుంటారు. ఉంచడం వరకే నా పని. మీరు జీతం ఇచ్చారు. జీతం పుచ్చుకుని జైలు ఖాళీగా పెట్టుకుంటే అది దొంగతనం కాదూ?"

"నేను పని చెయ్యమని ఇచ్చానా? అడిగారని ఇచ్చాను!"

"బిచ్చం వేసేవాళ్ళు రోజూ వేస్తున్నారు" అన్నాడు ప్రోసర్, టోపీ వైపు చూస్తూ. "నేను ముట్టలేదు. మీరు మాత్రం జీతం అన్నారు. పనివాడి కోసం విడిగా తీసి ఉంచిన దాంట్లోంచి ఇచ్చారు. అది నా చేతికి తెలిసింది. ఇన్నేళ్ళలో నాకు జీతం ఇచ్చినవాళ్ళు మీరొక్కరే."

అడిగినవాడికి అవుననడం కేర్ హోంలో మందు. ఇక్కడ అది ఉద్యోగమైపోయింది. ఎవరూ వెయ్యని ఆ పోస్టులో తనే మనిషిని వేసింది.

"నా మాటే వింటానంటే నేనే చెబుతున్నాను. తలుపు తియ్యండి."

అతను కదల్లేదు. నిప్పు వైపు చూశాడు.

"తీస్తే జైలు ఖాళీ అయిపోతుందమ్మా."

"అయితే ఏం?"

"చివరిసారి నేను సభకి వెళ్ళినప్పుడు వాళ్ళలో ఒకాయన అడిగాడు, నీ జైల్లో ఇప్పుడెవరున్నారోయ్ ప్రోసర్ అని. ఒక్క ఆడమనిషి ఉందండీ, వెన్న దొంగిలించిందన్నారు, తప్పు లేదని తేలింది, రేపు పంపించేస్తాను అన్నాను. అయితే రేపట్నించి ఖాళీ గదులకి కాపలాగా నీకు జీతమా అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. రొట్టెలు తింటూ నవ్వారు." అతని వేళ్ళు తాళాల మీద ఒకదాని నుంచి ఇంకోదానికి పాకాయి. "తిరిగొచ్చి ఆమెతో అన్నాను, రుసుము కట్టి వెళ్ళు అని. ఆమె దగ్గర కానీ లేదని నాకు తెలుసు. తెలిసే అడిగాను. జైల్లో ఒక మనిషి ఉంటే, వచ్చే సభలో వాళ్ళు నన్ను కాదనలేరు అనుకున్నాను."

"ఆమె పేరు?"

"మార్తా."

"ఏమైంది ఆమె?"

"జ్వరాల చలికాలం అది" అన్నాడు ప్రోసర్. "వచ్చే సభ దాకా ఉండలేదు."

ఓల్వెన్ చెప్పిన కథలో ఈ ముక్క లేదు. ఊళ్ళో ఎవరికీ తెలిసినట్టు లేదు. ఊరికి తెలిసిందల్లా ఒళ్ళో టోపీ పెట్టుకుని పోయిన పాపం ముసలాయనే.

అప్పటిదాకా రత్నకుమారి భయపడుతూనే మాట్లాడింది, తనకొచ్చిన ఇంగ్లీషులోనే మాట్లాడింది. ఆ పేరు వినేసరికి భయం ఎటుపోయిందో పోయింది. ఇంగ్లీషు కూడా దాంతోపాటే పోయింది.

"ఏమయ్యా! ఆళ్ళు నీకు అన్యాయం చేశారు, కాదన్లేదు. నీ చాకిరీ తిని నీ ముఖాన నవ్వారు. ఆ నవ్విన పెద్దమనుషుల్ని ఏమీ చెయ్యలేక, నీ చేతి కింద పడున్న ఆడకూతుర్ని పట్టుకుంటావా? తప్పు లేదని జడ్జీలే వదిలేస్తే, నువ్వెవరివయ్యా వదలకపోడానికి? ఆ పిల్లకి తల్లి లేదా? గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు లేరా? నీ జీతం, నీ జీతం అని నువ్వు తిరుగుతున్నావు. ఆమె చావుకి ఎవరిస్తారయ్యా జీతం?"

ప్రోసర్‌కి తెలుగు ఎక్కడొస్తుంది? కానీ తిట్టుకి భాష అక్కర్లేదు గదా. అతను ఒక్కో మాటకీ కొంచెం కొంచెం వంగాడు. ఆ మాటలు ఎవరో ఒకరు అంటారని ఎన్నాళ్ళుగానో నిలబడి ఉన్నవాడిలా, చెవులప్పగించి విన్నాడు.

నడవా చివర్నుంచి రాజ్ కుమార్ గొంతు ఇప్పుడు రావడం లేదు.

"నా బియ్యం నాకిచ్చెయ్" అంది రత్నకుమారి, మళ్ళీ ఇంగ్లీషులో.

"పుచ్చుకున్న జీతం వెనక్కివ్వడం రివాజు కాదమ్మా."

"సరే, ఉంచుకో. జీతం ఇచ్చింది నేనేగా? అయితే విను. నిన్ను పనిలోంచి తీసేశాను."

అతను తల ఎత్తాడు.

హౌన్స్‌లోలో ఉన్నప్పుడు పనికి పంపే ఏజెన్సీ వాళ్ళు ఒకసారి రత్నకుమారిని ఎలా తీసేశారో ఆమెకి గుర్తొచ్చింది. ఫోన్‌లో ఒక్క ముక్క, కారణం చెప్పకుండా, గొంతులో ఏ తేడా లేకుండా. ఆరోజు కిచెన్‌లో కూలబడి ఎంత ఏడ్చిందో! అదే ముక్క ఇప్పుడు నోటికొచ్చింది.

"రేపట్నించి డ్యూటీల రోటాలో నీ పేరు లేదు. ఇవాళ కూడా లేదు. ఇంక వెళ్ళొచ్చు."

పొయ్యిలో వేడి లేని నిప్పు ఆరిపోయింది. ప్రోసర్ ముఖం మీద వచ్చింది నవ్వో ఏడుపో ఆమెకి తెలీలేదు.

"జీతం ఇవ్వనివాళ్ళు నన్ను తీసెయ్యలేరమ్మా" అన్నాడు, చాలా మెల్లగా. "అందుకే ఇన్నాళ్ళూ వెళ్ళలేకపోయాను. ఇవ్వండి ఇవ్వండి అని అడిగాను గానీ, ఎందుకడుగుతున్నానో నాకే తెలీదు."

నడుముకున్న గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. బల్ల ఆ బరువుకి కిర్రుమంది. టోపీలో బియ్యం కోటు జేబులో పోసుకుని, టోపీ తలకి పెట్టుకున్నాడు. టోపీ పెట్టుకున్న ప్రోసర్‌ని చూసినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

"ఒక్క మాట. జైలుకి కీపరు లేకుండా ఉండదు. ఆ గుత్తి చేతిలోకి తీసుకునేముందు కాస్త ఆలోచించుకోండి."

ఆలోచన! అక్కడ మొగుడు నేల మీద పడున్నాడు, ఇక్కడ ఆలోచనా? అతని మాట పూర్తయ్యేలోపే రత్నకుమారి గుత్తి అందుకుని పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే కుర్చీ ఖాళీగా ఉండేది. దారిలో వంటింట్లో దూరి, కొక్కేనికున్న కోటులోంచి చాక్లెట్, గట్టు మీది తేనె సీసా లాక్కుంది. పప్పు మాడి పొగ చిమ్ముతోంది. పొయ్యి ఆర్పి మళ్ళీ పరిగెత్తింది.

తాళంచెవుల్లో ఏదో ఆమెకి తెలీదు. కానీ చేతికి తెలిసింది. వేళ్ళు తమంతట తామే ఒకదాన్ని పట్టుకున్నాయి. తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది.

రాజ్ కుమార్ గోడకి చేరగిలబడి ఉన్నాడు. షర్టు తడిసి ముద్దయింది, పెదాలు తెల్లబడ్డాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆమె చంకల కింద చేతులేసి, కేర్ హోంలో లేవలేనివాళ్ళని లాగినట్టే లాగి, గడప ఇవతలికి తెచ్చింది. తలుపు దానంతటదే మూసుకుని తాళం పడింది. పడితే పడింది పొమ్మని, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని వేలితో తేనె చిగుళ్ళకి రాసింది. మింగుతున్నాడు. మళ్ళీ రాసింది. చాక్లెట్ ముక్క నోట్లో పెట్టింది. యేసయ్యా, యేసయ్యా అంటూనే ఉంది.

చాలాసేపటికి ఆయన ముఖంలోకి రంగు వచ్చింది. దూరంగా కొండ మలుపులో సైరను వినిపించింది.

"తేనె గడ్డానికి కూడా రాశావే" అన్నాడు. ఆ వెటకారం వినేసరికి రత్నకుమారికి అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది.

"నిద్రపోతారేమోనని చచ్చిపోయానండీ. నా గొంతు వినిపించిందా? ఎలా మెలకువగా ఉన్నారు?"

"ఆవిడ పడుకోనిస్తేగా."

"ఎవరు?"

"ఆ అమ్మాయి. లోపల నా పక్కన కూర్చుంది చూశావు, ఆ అమ్మాయి. చెయ్యి పట్టుకుని ఒకటే కబుర్లు. మీదే ఊరు, పిల్లలెంతమంది, మీ ఊళ్ళో వెన్న ఎలా చిలుకుతారు అని. కళ్ళు మూతపడితే చాలు, గిల్లేది. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి పాపం." రాజ్ కుమార్ తల తిప్పి మూసి ఉన్న తలుపుని చూశాడు. ఆయన ముఖం మారిపోయింది. "ఏది ఆవిడ? అయ్యో, రత్నం, లోపలే వదిలేసి వచ్చేశామా?"

సైరను దగ్గరవుతోంది. రత్నకుమారి చేతిలో గుత్తి ఇంకా ఉంది. కింద పెడదామని చూసింది. వేళ్ళు వదల్లేదు.

తలుపు మధ్యలో, ఇందాక ఆమె గోరు విరగ్గొట్టిన ఆ చిన్న కిటికీ మెల్లగా తెరుచుకుంది. లోపల చీకటి. చీకట్లోంచి సన్నటి చెయ్యి ఒకటి బయటికొచ్చి, అరచెయ్యి పైకి పెట్టి, ఖాళీగా ఉందని చూపించింది.

"కొత్త కీపరమ్మగారూ" అంది లోపలి గొంతు, ఎంతో అణకువగా. "బయటికి వెళ్ళడానికి నేను మీకెంత కట్టాలండీ?"